హాజరు ఎవరు వేస్తరు?

నైట్ డ్యూటీ దిగి మండీబజార్‌లో ఇల్లు చేరేసరికి మామూజాన్ వచ్చి కూర్చున్నడు. చేతిలో ఒక కాలేజీ కాగజ్.

'బేటీ, నీ డిగ్రీ ఫికర్ తీరిపోయింది. నౌకరీ వదలక్కర్లేదు. క్లాసులకు పోకున్నా హాజరు వాళ్లే వేస్తరంట. పరీక్షలు రాస్తే చాలు' అన్నడు. అమ్మీ మొహంలో ఖుషీ చూసి నాకు మాట రాలేదు.

ఇంటర్ తర్వాత జీఎన్ఎం చేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరై, హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లుగా స్టాఫ్ నర్సుని. 'లడ్కీకి రాత్రి డ్యూటీలేంది?' అన్న ఖాందాన్ వాళ్లే ఇప్పుడు షుగర్ రిపోర్టులు పట్టుకొని మా ఇంటికొస్తరు. కానీ ఎమ్మెస్సీ చదవాలన్నా, నర్సింగ్ పిల్లలకు పాఠం చెప్పాలన్నా జీఎన్ఎం సరిపోదు.

నాలాంటి వాళ్లు నాలుగేళ్ల బీఎస్సీ మళ్లీ మొదటి నుంచి చదవాల్సిన జరూరత్ లేదు. పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. కాలేజీకి పోయి చదివితే రెండేళ్లు. మన తెలంగాణలో ఆ కోర్సు కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉంటది, అది ఉన్నది మా వరంగల్‌లోనే. ఊరు దగ్గరే గానీ రెండేళ్లు తన్ఖా బంద్. అబ్బా ఇంతెకాల్ అయినంక ఇంటి కిరాయి, తమ్ముడి ఫీజు అన్నీ నా తన్ఖా మీదే. రెండో రాస్తా ఇగ్నో. నౌకరీలో ఉన్న రిజిస్టర్డ్ నర్సులకే అది. ప్రవేశ పరీక్ష రాయాలి, కనీసం మూడేళ్లు పడుతది. ప్రాక్టికల్స్‌కు సెంటర్‌కు పోవాల్సిందే.

మామూజాన్ తెచ్చిన మూడో రాస్తా అన్నిటికన్నా ఆసాన్.

ఆ రోజు నిద్ర పట్టలేదు. కొత్తలో జరిగిన ఒక సంగతి యాదికొచ్చింది. పొటాషియం క్లోరైడ్‌ని సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించాలి. నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతది. రాత్రి మూడింటికి, నిద్రమత్తులో, నేను ఆ మందు సిరంజిలోకి తీసి పేషెంట్ చేయి పట్టుకున్న. సీనియర్ సిస్టర్ నా మణికట్టు గట్టిగా పట్టి ఆపింది. ఆమె క్లాసుకు పోకుండా హాజరు వేయించుకున్న మనిషైతే? ఆ పేషెంట్‌కు ముగ్గురు చిన్నపిల్లలు.

సాయంత్రం ఈ ముచ్చట అమ్మీకి చెప్పిన. చాలాసేపు చప్పుడు చెయ్యలేదు. తర్వాత, 'ఝూటా హాజరుతో వచ్చే తన్ఖా నా ఇంట్లకు రానియ్యకు బేటా. మూడేళ్లయితే మూడేళ్లు, సబర్ చేద్దాం' అన్నది. మామూజాన్ నారాజ్ అయిండు. ఆయన తెచ్చింది నా మీది మొహబ్బత్‌తోనే.

ఇగ్నో పరీక్ష రాసిన, సీటొచ్చింది. సెంటర్‌కు పోయే రోజులకు నైట్ డ్యూటీలు వేయించుకున్న. ఒక రంజాన్ మొత్తం సహెరీ వార్డులోనే చేసిన, పక్కన పుస్తకం పెట్టుకొని. రెండు నిశ్చితార్థాల మాటలు 'చదువైనంక చూద్దాం' అనేసరికి వెనక్కి పోయినయి. అమ్మీ లోపల ఏడ్చిందని నాకు తెలుసు.

మదీనాలో గాయపడ్డవాళ్లకు ఖైమా వేసి ఖిద్మత్ చేసిన రుఫైదా (రజి.) గురించి మనం గర్వంగా చెప్పుకుంటం. ఆమె ఆ ఇల్మ్ తన తండ్రి దగ్గర, రోగుల పక్కన నిలబడి నేర్చుకున్నదంటరు.

మీ ఇంట్ల నర్సు బిడ్డ ఉంటే ఫీజు కట్టే ముందు మూడు సవాళ్లు అడగండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ మంజూరీ ఉన్నదా? ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో? హాజరు ఎవరు వేస్తరు? మూడోదానికి జవాబు నవ్వుతూ చెప్తే, అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి.