యాంటెన్నా మూత – పంచ హేతువులు



స్వహస్తాలతో ఒక కార్యాన్ని నిర్వర్తించినప్పుడు మానవునికి కలిగే తృప్తి నిర్దోషమైనదే. అయితే ఆ తృప్తి ఎక్కడ ముగిసి, ‘నేనే కర్తను’ అనే అభిమానం ఎక్కడ ఆరంభమవుతుందో గ్రహించడం విజ్ఞులకు సైతం సులభం కాదు. శ్రీమద్భగవద్గీత 18వ అధ్యాయంలో భగవానుడు సకల కర్మలకూ ఐదు హేతువులను నిరూపించాడు. అవి అధిష్ఠానం, కర్త, కరణాలు, నానావిధ చేష్టలు, దైవం. ఈ శ్లోకాన్ని బాల్యం నుండి పఠిస్తూ వచ్చిన ఒక గృహస్థు, తన కారు కప్పు మీది చిన్న ప్లాస్టిక్ మూత కారణంగా దాని అర్థాన్ని మరల నేర్చుకోవలసి వచ్చింది.

ఆయన విజయవాడ వాస్తవ్యుడు, విశ్రాంత అధ్యాపకుడు. ఆయన తండ్రిగారు సంస్కృత పండితులు, ఎనభై ఆరేళ్ళ వృద్ధులు. నీటికాసుల వ్యాధి వల్ల చూపు దాదాపు పూర్తిగా పోయింది. గ్రంథాలు దూరమైన ఆయనకు శ్రవణమే శరణ్యమైంది. ప్రతిదినం ఉషఃకాలంలో కుమారుడు ఆయనను కారు వెనుక సీటులో కూర్చుండబెట్టుకొని కృష్ణాతీరానికి తీసుకొనిపోయేవాడు. అక్కడ కారు నిలిపి, 837 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి విజయవాడ కేంద్రం వారి భక్తిరంజని వినిపించేవాడు. ఇంట్లో రేడియో లేక కాదు. ఎల్ఈడీ దీపాలు, ఛార్జర్లు, ఇన్వర్టరు పుట్టించే విద్యుత్ రొద వల్ల మీడియం వేవ్ ప్రసారం ఇంట్లో స్పష్టంగా వినిపించదు. నదీతీరంలో ఆ బాధ లేదు. తండ్రిగారి దినచర్యలో ఆ అర్ధఘంట ఒక నిత్యానుష్ఠానమైపోయింది.

ఆషాఢంలో గృహస్థు శ్రీశైల దర్శనానికి వెళ్ళాడు. కారు నిలిపిన చోట వానరాల సంచారం విశేషం. దర్శనం ముగించుకొని వచ్చేసరికి ఒక పెద్ద మగకోతి కారు కప్పు మీద ఆసీనమై, వెనుక భాగాన చేప రెక్కవలె ఉండే యాంటెన్నాను రెండు చేతులా పట్టుకొని ఊపుతున్నది. అదిలించగానే దూకిపోయింది గాని, మూత మూడు ముక్కలైంది. పదేళ్ళ ఎండకు ప్లాస్టిక్ అప్పటికే పెళుసెక్కి ఉన్నది. లోపలి చిన్న సర్క్యూట్ బోర్డు, చుట్టగా చుట్టిన తీగ ఆకాశానికి బహిర్గతమైనాయి. ఆయన దానికి పాలిథిన్ సంచి చుట్టి, టేపు అంటించి, దోర్నాల మీదుగా నల్లమల దిగి ఇల్లు చేరాడు.

సర్వీసు కేంద్రంలో విచారిస్తే, మూత మాత్రం విడిగా ఇవ్వమనీ, యాంటెన్నా మొత్తం మార్చవలసిందేననీ అన్నారు. చెప్పిన వెల ఆయనకు అధికమని తోచింది. ఆటోనగర్‌లోని ఒక దుకాణంలో సరిగ్గా అదే నమూనా మూత స్వల్ప మూల్యానికి లభించింది. ‘ఈ మాత్రం పనికి పరులెందుకు?’ అనుకున్నాడు.

ఒక ఆదివారం ఉదయం పని ఆరంభించాడు. పాత ప్లాస్టిక్ కార్డును సందులో దూర్చి, మిగిలిన ముక్కలను పైకెత్తి తీశాడు. పీఠం గాడుల్లో విరిగి ఉండిపోయిన కొక్కేలను చిమటాతో ఏరివేశాడు. ధూళిని మెత్తని గుడ్డతో తుడిచి, తడి ఆరేవరకు ఆగాడు. కొత్త మూతను ముందువైపు ఆనించి వెనుకకు నొక్కగానే ‘టక్’ మని కూర్చున్నది. ఇంతవరకు పని శుద్ధంగానే సాగింది. పిమ్మట, వాననీరు దిగకూడదనే అతిజాగ్రత్తతో, స్నానాల గదికి తెచ్చి మిగిలిన సిలికాన్‌ను మూత చుట్టూ సందు లేకుండా పూశాడు. సిర్కా వంటి పుల్లని వాసన వచ్చినా పట్టించుకోలేదు.

రేడియో పలికింది. ఆనాడు భార్యతో, పొరుగింటివారితో, ఫోనులో కుమార్తెతో, చివరకు పాలవానితో కూడ ఆయన పలికిన వాక్యం ఒక్కటే: ‘నేనే చేశాను.’ తండ్రిగారు విని, ‘సంతోషం నాయనా’ అన్నారు.

శ్రావణం వచ్చింది. వర్షాలు బలపడినాయి. ఒకనాడు నదీతీరం నుండి తిరిగివచ్చాక తండ్రిగారి ఉత్తరీయాన్ని ఆరవేయబోయిన గృహస్థుకు దాని ఒక అంచు తడిగా తగిలింది. ఆనాడు ఆయన కారు దిగనేలేదు. వెళ్ళి చూస్తే వెనుక సీటుకు పైన రూఫ్ లైనింగు మీద అరచేయంత మరక. వేలితో నొక్కితే నీరు ఊరింది.

‘నాన్నగారూ, నీళ్ళు మీ మీద పడుతున్నాయా?’

‘నాలుగు రోజులుగా పడుతున్నాయి నాయనా. ఉత్తరీయం మడిచి భుజాన వేసుకుంటున్నాను.’

‘మరి చెప్పలేదేమండీ?’

‘నువ్వు చేశానని అంత సంబరంగా ఉన్నావు. నాలుగు చుక్కల కోసం దాన్ని చెరపడమెందుకని ఊరుకున్నాను.’

ఆ మాటలో నింద లేదు. కనుకనే అది సూటిగా తాకింది. అయినా ఆయన మనస్సు తక్షణమే ఆత్మరక్షణకు పూనుకొన్నది. దుకాణదారుడు నాసిరకం మూత అంటగట్టి ఉంటాడు. ఈ ఏడు వాన మరీ ఎక్కువ. కోతి అంత బలంగా ఊపకపోతే ఈ బాధే లేదు. ఇలా ఒక్కొక్క కారణమే వరుసగా స్ఫురించింది. మూడవ కారణం దగ్గర ఆయన ఆగిపోయాడు. పని ఫలించిన నాడు హేతువు ఒక్కటే ఉన్నది, అది తాను. పని చెడిన నాడు మిగిలిన హేతువులన్నీ గుర్తుకువచ్చినాయి, తాను ఒక్కడే మరుగైనాడు. గీత చెప్పిన ఐదు హేతువులూ ఆయనకు కంఠస్థమే. కాని జయంలో ఒకదానిని, అపజయంలో నాలుగింటిని లెక్కిస్తూ, ఐదింటినీ ఏకకాలంలో ఏనాడూ చూడలేదు.

అదే వీధిలో, ఆటోనగర్‌లో తండ్రి వద్ద పని నేర్చిన ఒక యువ మెకానిక్ ఉన్నాడు. పిలువగా వచ్చి, మూతను చేత్తో కదిపి చూశాడు.

‘మేష్టారూ, మీ జబ్బు మూతలో లేదండీ. కోతి ఊపినప్పుడు కింద ప్యాకింగు జరిగిపోయి ఉంటుంది. పైగా మీరు చుట్టూతా మూసేశారు. వెనకాల నీళ్ళు బయటికి పోవడానికి చిన్న దారుంటుంది, అదీ పూడిపోయింది. పైనించి చేరిన నీళ్ళు ఎటూ పోలేక లోపలికి దిగుతున్నాయి.’

పుల్లని వాసన గురించి కూడ అతడే చెప్పాడు. ఆ జాతి సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని విడుస్తుంది. అది రాగిని, ఇనుమును తినివేస్తుంది. విద్యుత్ పరికరాల దగ్గర దానిని వాడరాదు.

‘నన్ను చేయమంటారా, మీరే విప్పుతారా?’ అని అడిగాడు. గృహస్థు కొంత తడవు ఆగి, ‘నేనే విప్పుతాను బాబూ. నువ్వు పక్కన ఉండి తప్పు పట్టుకో’ అన్నాడు.

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ తొలగించాడు. వెనుక తలుపు చుట్టూ ఉన్న బీడింగు ఊడదీసి, క్లిప్పులు విప్పి, లైనింగును చేయి పట్టేంత మాత్రమే కిందికి దించాడు. కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న కార్లలో పక్క అంచులను గుంజరాదనీ, అవి అక్కడే మడతపెట్టి ఉంటాయనీ యువకుడు హెచ్చరించాడు. యాంటెన్నా తీగల కనెక్టర్లు ఊడదీసి, పది నంబరు స్పానరుతో నట్టు విప్పగానే పీఠం పైకి లేచింది. ప్యాకింగు ఒక మూల మడతపడి ఉన్నది. రంధ్రం అంచున తుప్పు మొదలైంది. సిలికాన్ గీకివేసి, తుప్పు రుద్ది, ప్రైమరు పూసి ఆరనిచ్చి, కొత్త ప్యాకింగుతో పీఠాన్ని కూర్చాడు. నట్టు బిగిస్తుండగా బలం మరీ ఎక్కువ చేయబోతే యువకుడు మణికట్టు పట్టుకొని ఆపాడు. ‘చాలండీ. ఇంకా తిప్పితే రేకు సొట్టపడుతుంది, ప్యాకింగు పక్కకి నలుగుతుంది.’

ఇక పరీక్ష మిగిలింది. గృహస్థు కప్పు మీద చెంబుతో నీళ్ళు పోస్తుండగా, తండ్రిగారు తామే వచ్చి వెనుక సీటులో కూర్చొని, కప్పు లోపలి రేకు మీద అరచేయి ఆనించి నిదానంగా తడిమారు. చూపున్నవాని వేళ్ళు అంత సూక్ష్మంగా గ్రహించలేవు. పది చెంబులు పోశాక లోపలి నుండి ‘పొడిగానే ఉంది నాయనా’ అన్న మాట వినిపించింది.

ఆ రాత్రి గృహస్థు ఆ శ్లోకానికి శంకర భగవత్పాదుల భాష్యాన్ని తెరిచి చూశాడు. అధిష్ఠానమంటే శరీరం. కర్త అంటే ఉపాధితో తాదాత్మ్యం పొంది ‘నేను’ అనే భోక్త. కరణాలు ఇంద్రియాలు. చేష్టలు ప్రాణాపానాది వాయువ్యాపారాలు. దైవమంటే ఆయా ఇంద్రియాలను అనుగ్రహించే ఆదిత్యాది దేవతలు. ఆనాటి పనిలో ఈ ఐదూ ఆయనకు ప్రత్యక్షంగా గోచరించాయి. వంగడానికి సహకరించిన నడుము ఉన్నది. చేయి ఉన్నది, ఆ చేతికి తోడైన స్పానరు ఉన్నది. నట్టు తిప్పేటప్పుడు బిగబట్టిన ఊపిరి ఉన్నది. చూపుకు అధిదేవత సూర్యుడు. ఆ అనుగ్రహం ఉపసంహృతమైన తండ్రిగారికి స్పర్శకు అధిదేవత అయిన వాయువు తోడ్పడినాడు. వీటన్నిటి మధ్య ‘నేను’ అనేది ఐదింట ఒకటి మాత్రమే.

ఇక్కడ జిజ్ఞాసువులు ఒక విషయం గమనించాలి. హేతువులు ఐదు అన్నంత మాత్రాన కర్త బాధ్యత నశించదు. కర్త కూడ ఆ ఐదింటిలో ఉన్నాడు. ప్యాకింగు చూడకపోవడం, తగని సిలికాన్ పూయడం దైవకృతాలు కావు. జయంలో తనను ఐదవ వంతుగాను, అపజయంలో కూడ ఐదవ వంతుగాను చూడగలిగినవాడే ఈ శ్లోకాన్ని చదివినవాడు. ఆ తరువాతి మెట్టు కేవలాత్మ అకర్త అని తెలియడం. కింది మెట్టు మీద కాలు నిలువనివానికి ఆ మెట్టు అందదు.

మరునాడు జోరున వాన. కృష్ణ ఎర్రబారి ప్రవహిస్తున్నది. కారు లోపల భక్తిరంజని మ్రోగుతున్నది. తండ్రిగారు అలవాటు చొప్పున ఉత్తరీయాన్ని మడిచి భుజం మీద వేసుకోబోయి, ఒక్క క్షణం ఆగి, దానిని తీసి ఒడిలో పెట్టుకున్నారు. ముందు సీటు నుండి అద్దంలో అది చూసిన కుమారుడు ఏమీ పలుకలేదు.

ఇతి శమ్.