ఇంజన్ దించే చోట మన పిల్లలు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇంట్లో ఎవరన్నా మెకానిక్ షెడ్డులో పనిచేస్తా ఉంటే వాళ్లకు చదివి వినిపించండి.

మేము నలుగురం ఒకే హాస్టల్ గదిలో ఉంటాం. ఒకరు చెంచు, ఒకరు ఎరుకల, ఇద్దరం సుగాలీలం. నలుగురి ఇళ్లల్లోనూ కాలేజీకి వచ్చింది మేమే మొదలు. అమ్మానాన్నల్లో కొందరు మార్కాపురం పలకల గనుల్లో రాయి మోసినోళ్లు, కొందరు మిరప కోతలకు గుంటూరు వైపు పోయేవాళ్లు. ఖర్చుల కోసం రెండు ఎండాకాలం సెలవులు బేస్తవారిపేట షెడ్లలో హెల్పర్లుగా చేశాం.

షెడ్డులో 'ఇంజన్ దించాలి' అంటారు గానీ ముందు చేసేది లేపడమే. మూడు ఇనుప పైపుల స్టాండు, దానికి వేలాడే చైన్ బ్లాక్, అంతే సరంజామా. చిన్న కారు ఇంజనే వంద కిలోలకు అటూఇటూ ఉంటుంది. బొలెరో లాంటి డీజిల్ బండికి గేర్ బాక్సుతో కలిపితే రెండు వందలు దాటిపోతుంది. అది జారితే ఆపగలిగే మనిషి లేడు.

మొదటి ఎండాకాలం ఒక షెడ్డులో జరిగింది చెప్తాం. పేరు వద్దు. స్టాండు కాళ్లను కింద గొలుసుతో కట్టలేదు, నేలంతా ఆయిల్. ఇంజన్ రెండడుగులు లేచాక ఒక కాలు జారింది. గేర్ బాక్సు వెనక భాగం ఊగొచ్చి మాతో పనిచేసే తమ్ముడి కుడిచేతిని ఛాసీకి నొక్కేసింది. వాడికి పదిహేనేళ్లు. రెండు వేళ్లు ఇప్పటికీ మడవలేడు. ఇంటర్ పరీక్షలో జవాబులు తెలిసి కూడా టైం చాలక వదిలేసి వచ్చాడు. షెడ్డులో మాత్రం 'వాడు చెయ్యి అక్కడ పెట్టబట్టే' అన్నారు. అక్కడ పెట్టమన్నది ఎవరని ఒక్కరూ అడగలేదు.

రెండో ఎండాకాలం వేరే మేస్త్రీ దగ్గర చేరాం. ఆయన చదివింది ఐదో తరగతి. కానీ పని వరస తప్పనిచ్చేవాడు కాదు. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయాలి. రేడియేటర్ నీళ్లు, ఆయిల్ దించాలి. పెట్రోల్ పైపులు, వైర్లు, సైలెన్సర్, షాఫ్టులు అన్నీ విప్పాలి. గేర్ బాక్సు కింద జాకీ పెట్టాలి. గొలుసును ఇంజన్‌కు ఉన్న లిఫ్టింగ్ హుక్కులకే తగిలించాలి. పాత నైలాన్ తాడు వాడితే ఊరుకోడు. గొలుసు బిగిసి బరువు తీసుకున్నాకే మౌంటింగ్ బోల్టులు విప్పాలి. రెండంగుళాలు లేపి ఆపాలి. ఏ వైరన్నా పట్టుకుందా, ఎటన్నా ఒరుగుతోందా చూడాలి. పైకి వచ్చాక ఇంజన్ను ఊపకూడదు, బండినే వెనక్కి నెట్టాలి. వెంటనే కిందికి దించాలి. వేలాడే ఇంజన్ కింద చెయ్యీ కాలూ ఏదీ పోకూడదు. హైడ్రాలిక్ క్రేన్ అయితే దాని చెయ్యి ఎంత బయటికి లాగితే అంత తక్కువ బరువు మోస్తుందని కూడా ఆయనే చూపించాడు.

గొలుసును మరీ అడ్డంగా చాపి కట్టొద్దని ఆయన అంటుంటే మాకు ఫిజిక్స్ క్లాసు గుర్తొచ్చింది. రెండు వందల కిలోలను రెండు గొలుసులు నిలువుగా పట్టుకుంటే ఒక్కోదాని మీద వంద. అవే గొలుసులు అడ్డానికి 30 డిగ్రీల్లో ఉంటే ఒక్కోదాని మీద రెండు వందలు పడుతుంది. సైన్ 30 అంటే సగం కదా. లెక్క వేసి చూపిస్తే ఆయన నవ్వి, 'ఇది మీ పుస్తకంలో కూడా ఉందా అబ్బాయ్' అన్నాడు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్లో బరువులెత్తే గొలుసులు, తాళ్లు ఏడాదికి ఒకసారైనా పరీక్ష చేయించాలనీ, వాటి పరిమితి దాటి బరువు ఎత్తకూడదనీ ఉండేది. నలుగురైదుగురు పనిచేసే షెడ్డు ఆ లెక్కలోకి వచ్చేది కాదు. మన పిల్లలు చేరేది ఎక్కువగా అలాంటి చోట్లే. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. దాని ప్రకారం 14 ఏళ్ల లోపు వాళ్లను పరాయి షెడ్డులో పనికి పెట్టుకోకూడదు.

నల్లమలలో చెంచు పెద్దోళ్లు తేనెకు తాడు మీద కొండ దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిదే అంటారు. అక్క బతుకు వాడి చేతిలో ఉంటుంది కాబట్టి చెయ్యి వదలడని. షెడ్డులో చైన్ లాగే మనిషికి మనం ఏమీ కాము. అందుకే మన జాగ్రత్త మనమే అడిగి చేయించుకోవాలి. కాళ్లకు గొలుసు కట్టకపోతే 'ఆపు మామా, కట్టి లేపుదాం' అని అనండి. కూలి పోతుందని భయముంటుంది, మాకూ ఉండింది. ఇద్దరు కలిసి అంటే కొంచెం తేలిక.

మార్కాపురం, కంభం, గిద్దలూరు షెడ్లలో మన పిల్లలు ఎవరెవరు ఉన్నారో చెప్పండి. ఆదివారాలు మేము వచ్చి కూర్చుని, ఈ వరసంతా వాళ్లకు చేసి చూపిస్తాం. ఆ తమ్ముడు కూడా మాతో వస్తానన్నాడు.