ఆరు రీళ్ల దూరం

కడప నుంచి విజయవాడ ఎంత దూరం? బస్సు డ్రైవర్ని అడిగితే ఓ రాత్రంతా అంటాడు. నేనెక్కే రైలు సంగతి మరీ విడ్డూరం! విజయవాడ ఉత్తరాన ఉంటే, అది ముందు కిందికి రేణిగుంట దాకా దిగి, గూడూరు చుట్టుకుని, అప్పుడు పైకి బయల్దేరుతుంది. అదే మా నాయన్ని అడిగి చూడండి... "ఎన్ని రీళ్లు?" అంటాడు.

ఆ లెక్క ఎక్కడిదంటే, 1980ల్లో నాయన విజయవాడ గాంధీనగర్‌లో ఓ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుకు రిప్రజెంటేటివ్. రీళ్ల పెట్టె వెంట మా సీమ ఊళ్లకు రావడం, గేటు దగ్గర నిలబడి కలెక్షన్ చూసుకోవడం, మళ్లీ బస్సెక్కడం. వెయ్యి అడుగుల రీలు తెరమీద 11 నిమిషాలు ఆడుతుంది. ఆయనకు కాలమంటే అదే. అన్నం ఉడకాలంటే రెండు రీళ్లు!

2022లో కడప నుంచి విజయవాడకు విమానం వేశారు. చిన్న ఎయిర్‌పోర్టే కదా అని తీసెయ్యకండి. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద దేశంలో ఎగిరిన తొలి విమానాల్లో కడప–హైదరాబాద్ విమానం ఒకటి. విజయవాడలో ఓ సినిమా ఫంక్షన్ గురించి రాయడానికి వెళుతూ, వద్దంటున్నా వినకుండా నాయన్ని వెంటబెట్టుకెళ్లాను.

అది ఫ్యాన్ రెక్కల ఏటీఆర్ విమానం. రెక్క కిటికీకి పైన ఉంటుంది కనుక నేలంతా కనిపిస్తుంది. కడప నుంచి గన్నవరానికి ఆకాశమార్గాన సుమారు 310 కిలోమీటర్లు. ఏటీఆర్ వేగం గంటకు 500 దాకా ఉంటుంది కాబట్టి నిజానికి 40 నిమిషాలు చాలు. కానీ రన్‌వే దాకా పోవడం, పైకెక్కడం, నెమ్మదిగా దిగడం అన్నీ కలిపి గంటా పది నిమిషాలు పడుతుంది.

"ఆరు రీళ్ల పైన," అన్నాడు నాయన. "ఇంటర్వెల్‌కు ముందే!"

లంకమల కొండలు వెనక్కి పోయాయి. వెలిగొండలు దాటాం. నాయన కిటికీకి అతుక్కుపోయి చిన్నపిల్లాడిలా చూస్తున్నాడు. కృష్ణ కనబడగానే మాట మానేశాడు.

గన్నవరంలో దిగాక వాచీ చూసుకున్నాడు. చాలాసేపు చూస్తూనే ఉన్నాడు.

"మీ జేజి పోయిన పొద్దు టెలిగ్రాం ఆఫీసుకే వచ్చింది రా. మధ్యాన్నం అందింది. రాత్రి బస్సెక్కినా. తెల్లారి ఇల్లు చేరేసరికి మట్టి చేసి వచ్చేసినారు. వాకిట్లో కాళ్లు కడుక్కుంటా ఉండారు అందరూ..."

ముప్పై ఏళ్లు దాటిన నేను ఆ మాట ఆ రోజే విన్నాను. పెట్టె వేళకు చేర్చడంలో నాయనకు మంచి పేరుండేదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆయన ఒక్కడే చేరలేకపోయిన వేళ ఒకటుందని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు సినిమా థియేటర్‌కు డిజిటల్‌గా వస్తోంది. పెట్టె లేదు, పెట్టె వెంట మనిషీ లేడు. సినిమాకు దూరం లేకుండా పోయింది. మనుషులకు మాత్రం ఉంది. విమానం ఉన్న రోజున, టిక్కెట్టుకు డబ్బున్నవాడికి, అది ఆరు రీళ్లు.

ఫంక్షన్‌లో హీరో ఏం మాట్లాడాడో రాసుకొచ్చాను, అచ్చయింది కూడా. మీరూ చదివే ఉంటారు. రాయకుండా మిగిలిపోయింది ఇదొక్కటే.