మొద్దుల మధ్య తునికి

మేం కోయలం. భద్రాచలం ఏజెన్సీ వాళ్లం. మా ఇంట్లోకి మొదటి జీతం తెచ్చింది టీచరు ఉద్యోగం. ఆ ఉద్యోగానికి కావలసిన టీటీసీ చదువు జామాయిల్ డబ్బులతోనే సాగింది. జామాయిల్‌ను తప్పుపట్టే ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి.

వాగు పక్కన మాకు రెండెకరాల చెలక ఉంది. అందులో ఒకప్పుడు ఇప్ప, తునికి, చార, మోదుగ ఉండేవి. మా నాయన వాటిని కొట్టి జామాయిల్ వేశాడు. నాలుగేళ్లకోసారి నరికితే కర్ర కాగితం మిల్లుకు పోయేది. మొద్దుకు మళ్లీ పిలకలు వచ్చేవి. దున్నే పని లేదు, విత్తే పని లేదు. కానీ ఆ తోటలో పశువుకు మేత లేదు, పిట్టకు పండు లేదు. "ఇది చేనూ కాదు, అడవీ కాదు" అనేది మా అవ్వ.

మూడో కోత అయ్యాక ఇంట్లో తగువు వచ్చింది. మొద్దులు పీకించి పత్తి వేద్దామన్నారు తమ్ముళ్లు. వాళ్లకు జీతాలు లేవు, వాళ్ల మాటా న్యాయమే. చివరికి పత్తికి ఒక ఎకరం, అడవికి వాగు పక్క ఎకరం అనుకున్నాం.

బడిలో మొక్కలు నాటించిన అలవాటు కొద్దీ గుంటలు తీయబోయాం. అవ్వ ఆపింది. "గుంటలెందుకు బిడ్డా? ముందు కిందికి చూడండి" అంది. మొద్దుల మధ్య జానెడేసి తునికి పిలకలు! ఇన్నేళ్లూ కలుపనుకుని వాటిని మేమే కొట్టేశాం. చెట్టు పోయినా వేరు బతికే ఉంది. జేసీబీ దిగిన పత్తి ఎకరంలో అదీ పోయింది.

అప్పటినుంచి మా పని నాటడం కంటే కాపలా కాయడమే. జామాయిల్ పిలక వేసినప్పుడల్లా కొట్టేశాం. ముళ్లకంప వేసి మేకలను ఆపాం. ఎండాకాలం మంట రాకుండా చుట్టూ ఆకు ఊడ్చాం. ఇప్ప మాత్రం తనంతట రాలేదు. గింజలు ఎండబెట్టి, డబ్బాలో దాచి, తర్వాత వేస్తే ఒక్కటీ మొలవలేదు. మరుసటి ఏడు పండు రాలిన వారంలోనే తొలకరి తడిలో పెడితే మొలిచాయి. దాచిన ఇప్పగింజ నూనెకే గాని మొలకకు రాదని ఊళ్లో ఆడవాళ్లకు ముందే తెలుసు. చదువుకున్న మేం అడగలేదు, అంతే.

పోయిన ఎండాకాలం మా మరదళ్లు ఆ ఎకరంలో తునికాకు కోశారు. 50 ఆకులకో కట్ట కట్టి కల్లంలో వేశారు. పత్తి డబ్బుకు అది సాటిరాదు. అయితే దానికి పురుగుమందు అప్పూ లేదు. తమ్ముళ్లు ఇప్పుడు ఆ ఎకరం ఊసెత్తడం లేదు.

మా చుట్టూ అటవీభూముల్లోనూ జామాయిల్ తోటలు వేల ఎకరాల్లో ఉన్నాయి. అడవిని కాపాడుకునే, తిరిగి పెంచుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం మాలాంటి ఊళ్లకు ఇచ్చింది. ఆ హక్కు కోసం గ్రామసభ తీర్మానం రాసే పని మా మీద పడింది. అందరూ రాసే "మొక్కలు నాటుట" అన్న మాట పక్కన పెట్టి, "జామాయిల్ పిలకలు తీయుట, పాత వేళ్లను కాయుట" అని రాశాం. చదివి వినిపిస్తే ముసలివాళ్లు తలూపారు.

అవ్వ ఇప్పుడు లేదు. ఇప్ప ఇంకా పూయలేదు.