చెంగిచెర్ల ప్లాట్లు, యెషయా తెర



పోయిన ఆదివారం వాక్యం చెబుతూ నేనొక పోలిక వాడాను. నగరం ఉప్పల్, బోడుప్పల్ దాటుకుంటూ వచ్చి మన చెంగిచెర్ల పొలాలను ప్లాట్లు చేసినట్టే, విశ్వం కూడా నడుమ నుండి బయటికి పెరుగుతోంది అన్నాను. దేవుడు ఆకాశాన్ని తెరలా పరచాడని యెషయా రాసింది దీని గురించే అని కూడా అన్నాను. చాలామంది ఆమేన్ అన్నారు.

ఆరాధన అయ్యాక, డిగ్రీలో ఫిజిక్స్ చదివే మన సంఘపు అమ్మాయి ఆగింది.

"అయ్యగారూ, హైదరాబాదుకి నడిబొడ్డు ఉంది, ఆక్రమించడానికి పొలాలున్నాయి. విశ్వానికి నడిబొడ్డు లేదండి. పెరగడానికి బయట ఖాళీ జాగా కూడా అక్కర్లేదు."

నాకు ఎక్కలేదు. అప్పుడు క్రిస్మస్ కేకుతో చెప్పింది. పిండి పొంగేటప్పుడు ఏ కిస్‌మిస్ దగ్గర నిలబడి చూసినా మిగతావన్నీ దూరం జరుగుతాయి. రెండింతల దూరంలో ఉన్నది రెండింతల వేగంతో జరుగుతుంది. ప్రతిదీ నేనే మధ్యలో ఉన్నాననుకుంటుంది. ఆ కిస్‌మిస్‌లే గెలాక్సీలట. కేకుకి అంచు ఉంటుంది కాబట్టి పోలిక అక్కడ చెల్లదని కూడా తనే చెప్పింది. (నా పోలికలకు నేనెప్పుడూ హద్దు చెప్పలేదు.)

"మరి మనమూ సాగుతున్నామా అమ్మా?"

"లేదండి, కిస్‌మిస్ ఉబ్బదుగా. గురుత్వాకర్షణ గట్టిగా పట్టుకున్నవి సాగవు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ అయితే మనవైపే వస్తోంది."

"మొదట పేలింది ఎక్కడ?"

"ఒకచోట బాంబులా పేలలేదండి. అంతటా ఒక్కసారే మొదలైంది. మనం నిలబడ్డ ఈ చోటు కూడా అందులోదే."

చెప్పులు వేసుకుంటున్నవాణ్ణి అలాగే ఉండిపోయాను.

ఇంటికొచ్చి చదివాను. హబుల్ 1929లో తన కొలతలు ప్రకటించకముందే, 1927లో విశ్వం విస్తరిస్తోందని రాసినవారిలో ఒకరు జార్జ్ లెమైత్ర్. బెల్జియం దేశపు కేథలిక్ ఫాదర్. 1951లో పోపు పన్నెండవ పయస్ ఈ శాస్త్రాన్ని సృష్టికి సాక్ష్యమన్నట్టు మాట్లాడితే, లెమైత్ర్‌కి అది నచ్చలేదు. తన సిద్ధాంతాన్ని మతంతో ముడిపెట్టవద్దన్నాడు. 1966లో చనిపోయేవరకు ఫాదర్‌గానే ఉన్నాడు.

నేను చేసింది పోపు చేసిందే, అదీ తప్పుడు లెక్కతో. యెషయా డేరా వేసుకునేవాళ్లకు అర్థమయ్యే మాట చెప్పాడు. ఆ అమ్మాయి నన్ను అడిగింది కాబట్టి సరిపోయింది. అడగకుండా, లెక్క తప్పయితే వాక్యమూ తప్పేనేమో అనుకుని మౌనంగా వెళ్లిపోయే పిల్లలు మన సంఘంలో ఎందరో నాకు తెలియదు.

ఈ ఆదివారం నా తప్పు నేనే ఒప్పుకుంటాను. తర్వాత పది నిమిషాలు ఆ అమ్మాయి మాట్లాడుతుంది. కేకు మా ఇంట్లో చేస్తున్నారు, కిస్‌మిస్‌లు కాస్త ఎక్కువే వేయమన్నాను.