ఫిల్మ్‌నగర్‌లో 108 వెంట

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు రద్దీ ఇంకా మొదలుకాలేదు. 108 బండి వెనక తలుపులు తెరిచి, అప్పుడే డ్యూటీ ఎక్కిన ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర వైద్యం చేసే) అమ్మాయి ఆక్సిజన్ సిలిండర్ మీటరు చూస్తోంది. సక్షన్ మిషన్ ఆన్ చేసింది, అంబూ బ్యాగ్ రెండుసార్లు నొక్కింది, మెడకు పెట్టే కాలర్లు లెక్కపెట్టి రిజిస్టర్లో రాసింది. "దారిలో ఆక్సిజన్ అయిపోతే బాధ్యత నాదే సార్. ముందే చూసుకోవాల్సింది నేనే కదా" అంది.

ఫోన్ మోగింది. ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒక పెద్దాయనకి ఛాతీలో నొప్పి. నేను నా బైక్ మీద వెనకాలే వెళ్లాను. స్టూడియోల ముందు రోడ్డు విశాలంగానే ఉంది గానీ, పక్కకి తిరిగి గుట్ట ఎక్కేసరికి ఆటో కూడా పట్టని గల్లీ. "బండి ఈడిదాకనే సార్, ఇగ నడుసుడే" అన్నాడు పైలట్, అంటే బండి డ్రైవర్. స్ట్రెచర్ పైకి తీసుకెళ్లి, పెద్దాయనను పడుకోబెట్టి, మెట్ల మీదుగా ఇద్దరూ మోసుకొచ్చారు. ఆయన కొడుకు వెంటే దిగుతూ అడిగిన మొదటి మాట: "ఎంతవుతుంది అక్కా?" ఒక్క రూపాయి కూడా అక్కర్లేదని ఆమె రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఏ ఆసుపత్రికి అన్నది అంతకంటే కష్టమైన ప్రశ్న. 1988 నుంచి జూబ్లీహిల్స్‌లో అపోలో ఉంది, నిమిషాల దూరం. అక్కడ ఖర్చు భరించలేమన్నాడు కొడుకు. ఆమె కాల్ సెంటర్ డాక్టర్‌కి బీపీ, పల్స్ చెప్పి, ఆయన చెప్పిన మాత్ర వేసి, గుండె వైద్యం ఉన్న పంజాగుట్ట నిమ్స్‌కి తీసుకెళ్తామని కొడుకుకి వివరించింది. అతను సరేనన్నాకే బండి కదిలింది. దగ్గర్లో ఉన్నది, తగినది, ఇంటివాళ్లు మోయగలిగింది, ఈ మూడూ ఒకచోట కలవవు. ఆ తూకం ఆ అమ్మాయి నడివీధిలో రెండు నిమిషాల్లో వేయాలి.

తిరిగొచ్చాక రోగి పేరు అడిగాను. చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కేసు షీటు మాత్రం ఎలా రాస్తారో చూపించింది: ఎన్నింటికి చేరారు, ఏం మందు ఇచ్చారు, ఎవరికి అప్పగించారు. యాక్సిడెంట్ కేసయితే పర్సు, ఉంగరం, సెల్‌ఫోన్ కూడా రాసి సంతకం తీసుకుంటారట. ప్రాణం పోయిందని ప్రకటించే అధికారం వాళ్లకి లేదు, అది డాక్టర్ పని.

ప్రమాదంలో గాయపడ్డవాళ్లని ఆదుకున్న దారినపోయేవాళ్లకి 2019లో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పేరు కూడా చెప్పనక్కర్లేదు. జీతం తీసుకుని అదే పని చేసేవాళ్లకి ఆ కవచం లేదు. నిర్లక్ష్యం ఆరోపణ వస్తే వాళ్లని కాపాడేది ఆ కేసు షీటే. ఇది న్యాయంగా లేదనిపించింది నాకు.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే 108 మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా "పోలీసులు రావాలి కదా?" అని అడిగేవాళ్లు తగులుతూనే ఉంటారని పైలట్ చెప్పాడు. ఈ భయం ఎక్కడిదో ఫిల్మ్‌నగర్‌లో నిలబడితే తెలుస్తుంది. "ఇది పోలీస్ కేసు, చేర్చుకోం" అనే ఆసుపత్రిని మన సినిమాలు ఎన్నోసార్లు చూపించాయి. ఒకప్పుడు అది నిజమే. కారు గుద్దిన ఒక స్కూటరిస్టుని ఒక ఆసుపత్రి చేర్చుకోక మరోచోటికి పంపితే దారిలోనే చనిపోయాడు. ఆ కేసులోనే, పరమానంద్ కటారా తీర్పులో, ముందు ప్రాణం కాపాడాలి, లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు చెప్పింది. అది 1989.

ఇప్పటి తీరుకి ఒక ఉదాహరణ: 2021 సెప్టెంబర్ 10న హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర నటుడు సాయి ధరమ్ తేజ్ బైక్ జారి పడ్డప్పుడు దారినపోయేవాళ్లు ఆగారు, 108 వచ్చింది, దగ్గర్లోని ఆసుపత్రిలో మొదటి చికిత్స అందింది, తర్వాతే జూబ్లీహిల్స్ అపోలోకి మార్చారు. ఆయన కోలుకుని మళ్లీ నటిస్తున్నారు.

కథలు రాసే మిత్రులకి నా విన్నపం: ఈసారి యాక్సిడెంట్ సీన్ రాసేటప్పుడు రోడ్డు మీద ఒక మనిషిని ఆపండి, 108కి ఫోన్ చేయించండి, పేరు చెప్పమని పట్టుబట్టకుండానే అతన్ని ఇంటికి పంపండి. చట్టం చెప్పేదీ అదే.