నేటి పిడికెడు

దేవునియందు నమ్మిక యుంచుటను గూర్చి ప్రసంగించుట సులభము. నేను ముప్పది సంవత్సరములుగా ఆ పని చేయుచున్నాను. అయితే ఆ నమ్మికతో ఒక్కొక్క దినము బ్రదుకుట ఎట్లో నేను మా వంటింటిలో నేర్చుకొంటిని.

2019వ సంవత్సరములో నా భార్యకు మూత్రపిండములు రెండును చెడిపోయినవి. అప్పటినుండి వారమునకు మూడుమారులు ఆమెను డయాలసిస్‌కు తీసికొనిపోవుచున్నాను. నాలుగు గంటలసేపు యంత్రము ఆమె రక్తమును శుద్ధిచేయును. ఆ మేలు రెండు మూడు దినములకు మించి నిలువదు. వచ్చే నెలకు కావలసినది ఈ నెలలోనే చేయించి దాచుకొనుటకు వీలులేదు.

మొదటి సంవత్సరమంతయు నా రాత్రులు లెక్కలతో గడచెను. బస్సు ఖర్చు ఎంత? మందులకెంత? కుమార్తె చదువు ముగియునాటికి ఇంకెంత? ఇట్లు ఎన్ని యేండ్లు? పగలు సంఘములో విశ్వాసమును బోధించి, ఇంటికి వచ్చి చొక్కాతోపాటు దానినికూడ కొయ్యకు తగిలించెడివాడను.

మన సంఘములలో పిడికెడు బియ్యపు వాడుక మీరెరుగుదురు. ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి ప్రభువు కుండలో వేయును. ఆదివారమున అది గుడికి చేరును. సెమినరీ విడిచి నేను మొదట పల్లెకు వెళ్లినప్పుడు నా జీతములో కొంత ఆ బియ్యమే. పది యిండ్ల బియ్యము గనుక ముతకవి, సన్నవి, నూకలు కలిసియుండెడివి. ఒకటి ఉడికినప్పుడు మరియొకటి ఉడికెడిది కాదు.

ఒక ఉదయమున నా భార్య నీరసముతో గోడ పట్టుకొని నిలిచి, ఎప్పటివలెనే పిడికెడు తీసి కుండలో వేయుచుండెను. నాకు కోపము వచ్చెను. “మన మందులకే చాలడం లేదు, ఇంకా ఆ పిడికెడెందుకు?” అంటిని.

ఆమె నా వైపు చూడక, “ఈ పూటకు బియ్యం ఉన్నాయి కదండీ. ఉన్నాయని ఆయనతో చెప్పడానికే వేస్తున్నాను” అనెను.

ఆ కుండల బియ్యము తినియే పరిచర్య నేర్చుకొన్నవాడను నేను. నాకు నోట మాట రాలేదు.

ఆ దినము నిర్గమకాండము పదునారవ అధ్యాయము తెరచితిని. ఎన్నోమారులు ప్రసంగించిన భాగమే. మన్నాను తలకొక ఓమెరు చొప్పున ఏ దినమునకు ఆ దినమే కూర్చుకొనవలెను. విశ్రాంతి దినమునకు ముందటి రోజున మాత్రము రెండింతలు. తక్కిన దినములలో మరునాటికి మిగుల్చుకొనినది పురుగుపట్టి కంపుకొట్టెను. నలువది సంవత్సరములు ఇట్లే జరిగి, కనాను పంట తినిన పిమ్మట మన్నా మానిపోయెను. మన్నాతో గిడ్డంగి నింపుకొనిన కుటుంబము ఒకటియైనను లేదు. నా రాత్రులలో కంపుకొట్టుచుండినదేమో అప్పుడు తెలిసెను. రేపటి మన్నాను నేడే కూర్చుకొన జూచితిని.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారము అని మనము చెప్పుచోట గ్రీకు మాట ఎపియూసియోస్. క్రొత్త నిబంధనలో ఆ ప్రార్థనయందు తప్ప మరెక్కడను అది కానరాదు. నేటిదనియు, రాబోవు దినముదనియు, బ్రదుకుటకు అవసరమైనదనియు పండితులు వేరువేరుగ అర్థము చెప్పుదురు. ఆ వాదములన్నియు సెమినరీ పరీక్షలో వ్రాసితిని. ఏ అర్థము తీసికొనినను, అది సంవత్సరమునకు సరిపడు ఆహారము మాత్రము కాదు.

అట్లని నమ్మిక యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. ఎండ ముదిరిన మన్నా కరగిపోవును గనుక పెందలకడ లేచి ఏరుకొనవలసియుండెను. నా భార్య నీటిని కొలిచి త్రాగును, ఉప్పు తగ్గించును, చికిత్స దినము తప్పనియ్యదు. అదియే ఆమె ఏరుకొనుట. కుమార్తె చదువునకు కొంత సొమ్ము దాచుటయు తప్పుకాదు. యోసేపు ఐగుప్తులో ఏడు సంవత్సరములు ధాన్యము నిలువచేసెను గదా! దాచుట వేరు, దాచినదే మనలను కాచునని నిద్రించుట వేరు.

ఇప్పుడు మా యింట ఒక చిన్న అలవాటు కలదు. ఉదయమున పొయ్యి వెలిగింపకముందు, ఆ దినమునకు కావలసిన ఒక్క సంగతిని పేరుపెట్టి అడుగుదుము. ఒకనాడు, సూది సరిగా దిగవలెనని. ఒకనాడు, నేను విసుగుకొనకుండవలెనని. రాత్రి పండుకొనకముందు ఆ సంగతి ఏమాయెనో చెప్పుకొందుము. అన్నియు మేము కోరినట్లు జరుగలేదు. ఆమె వ్యాధి పోలేదు. కొన్ని రాత్రులు పాత లెక్కలు మరల వచ్చుచుండును. అప్పుడు లేచి చీకటిలో వంటింటికి పోయి కుండలో చేయిపెట్టి చూతును. ఆనాటి పిడికెడు అందుండును. తిరిగివచ్చి పండుకొందును.

చదువరీ, నిన్ను మేల్కొలుపు లెక్క ఏదో నేనెరుగను. రేపటిదినము ఇంకను దేవుని చేతిలోనే యున్నది. నేటిదినమును నీ చేతికిచ్చియున్నాడు. అందులో ఒక పిడికెడు తీసి ఆయనకిమ్ము.

ప్రభువా, ఈ దినమునకు చాలినది మాకిమ్ము. చాలినదని గుర్తెరుగు కన్నులనుకూడ ఇమ్ము. ఆమేన్.